కవల పిల్లల ఫోటోలు: ఇద్దరూ ఒకటే అనుకునే ఫోన్‌తో నేను నేర్చుకున్న పాఠాలు

మాది తిరుచానూరు. మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, కవలలు. ఇప్పుడు ఏడేళ్లు. ఇంట్లో అందరం పెద్దమ్మి, చిన్నమ్మి అంటాం. ఇద్దరి మధ్య తేడా నాలుగు నిమిషాలే.

గత నెల స్కూల్లో ఒక చిన్న పని ఇచ్చారు. ప్రతి ఒక్కరూ తమ చిన్నప్పటి ఫోటో ఒకటి తేవాలి. అందులో తాము ఒక్కరే ఉండాలి. వాటిని క్లాస్ గోడ మీద అంటిస్తారు, అది ఎవరో మిగతా పిల్లలు కనిపెట్టాలి. సరదా ఆట. కొత్త ఫోన్ ఎవరి చేతిలో కనిపించినా అడిగి తీసుకుని కెమెరా శాంపిల్స్ తీసే మనిషిని నేను. నా ఫోన్‌లో, క్లౌడ్‌లో కలిపి పిల్లల ఫోటోలు పదకొండు వేలకు పైనే ఉన్నాయి. ఐదు నిమిషాల్లో అయిపోతుందిలే అనుకున్నా.

మూడు రోజులు పట్టింది.

మా టీవీ పక్కన ఒక ఫ్రేమ్ ఉంటుంది. నాలుగో నెలలో నేను చేతిలో పాపను పెట్టుకుని తీసుకున్న సెల్ఫీ. అది చిన్నమ్మి అని ఇన్నేళ్లూ అందరం అనుకున్నాం. చిన్నమ్మి కూడా అంతే, "ఇది నేను, నాయన" అని వచ్చినవాళ్లందరికీ చూపించేది. స్కూలుకి అదే తీసుకెళ్తానంది. పెద్దమ్మి దగ్గరికెళ్లి చూసి, "కాదు, ఇది నేను" అంది. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నాయనా, ఇందులో ఉండేది ఎవరు?"

చెప్పలేకపోయాను. పదకొండు వేల ఫోటోలు తీసిన నాయనకి తన బిడ్డ ఎవరో తెలియలేదు.

ఈ ఆర్టికల్ ఆ మూడు రోజుల గురించి, ఆ తర్వాత నేను ఫోటోలు తీసే పద్ధతి ఎలా మారిందో దాని గురించి. మీకు కవల పిల్లలు ఉండకపోవచ్చు. మీ అక్క పిల్లలో, మీ ఫ్రెండ్సో, మీరేనో కవలలై ఉండొచ్చు. ఒకేలా కనిపించే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇందులో సగం పనికొస్తుంది.

ఫోన్ ఎందుకు పొరబడుతుంది?

మొదట ఫోన్‌నే అడిగాను. గూగుల్ ఫోటోస్‌లో ముఖాలను బట్టి గ్రూపులు చేసే ఫీచర్ ఉంది కదా. మా ఇద్దరికీ కలిపి ఒకటే గ్రూపు చేసి పెట్టింది. ఐదేళ్లు దాటాక రెండో గ్రూపు ఒకటి మొదలైంది కానీ అందులోనూ ఇద్దరూ ఉన్నారు. మధ్యమధ్యలో రెండు ముఖాలు పక్కపక్కన పెట్టి ఒకే మనిషా, వేరా అని అడిగేది. నేను బస్సులో కూర్చుని ఏదో ఒకటి నొక్కేసేవాణ్ణి. ఆ తప్పు ఫోన్‌ది కాదు, నాది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎందుకు పొరబడుతుందో అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్ ముందు ఫోటోలో ముఖాన్ని వెతుకుతుంది. ఆ ముఖాన్ని న్యూరల్ నెట్‌వర్క్ ఒక అంకెల వరుసగా మారుస్తుంది. రెండు ముఖాల అంకెలు బాగా దగ్గరగా ఉంటే ఒకే మనిషి, దూరంగా ఉంటే వేరే మనిషి. అచ్చం ఒకేలా ఉండే కవలలు ఒకే పిండం రెండుగా విడిపోయి పుట్టినవాళ్లు. వాళ్ల ముఖాల అంకెలు ఎంత దగ్గరగా ఉంటాయో ఊహించుకోండి. పైగా నెలల పాప ముఖం వారం వారం మారిపోతుంది. రెండో నెల పెద్దమ్మికీ, ఎనిమిదో నెల పెద్దమ్మికీ ఉన్న తేడా, ఒకే రోజు ఇద్దరి మధ్య ఉన్న తేడాకన్నా ఎక్కువ.

ఫేస్ అన్‌లాక్ కథా ఇదే. ముక్కూ ముఖం తెలియని ఎవరో ఒకరు ఫేస్ ఐడీని తెరవగలిగే అవకాశం పది లక్షల్లో ఒకటికన్నా తక్కువ అని యాపిల్ చెబుతుంది. కానీ కవలలు, ఒకేలా ఉండే తోబుట్టువులు, 13 ఏళ్లలోపు పిల్లల విషయంలో ఆ అవకాశం ఎక్కువని, అనుమానం ఉంటే పాస్‌కోడ్ వాడమని ఆ కంపెనీయే రాసింది. వేలిముద్రలు మాత్రం కవలలకు కూడా వేరుగానే ఉంటాయి. కడుపులో ఉన్నప్పుడు వేలి చర్మం మీద ఆ గీతలు పడే తీరు ఒక్కో వేలికీ మారిపోతుంది. కాబట్టి మీరు కవలలైతే బ్యాంక్ యాప్‌కి ఫేస్ లాక్ వద్దు. ఫింగర్‌ప్రింటో, పిన్నో పెట్టుకోండి.

ఇంకో విషయం. ఫోటోస్ యాప్ మనుషుల్ని గుర్తుపట్టడానికి ముఖంతో పాటు భుజాలు, బట్టలు కనిపించే పై శరీరాన్ని కూడా వాడుకుంటుందని యాపిల్ 2021లో వివరించింది. ఒకే రోజు, ఒకే సందర్భంలో తీసిన ఫోటోల్లో ఇది ఉపయోగపడుతుంది. మరి మేమేం చేశాం? ప్రతి పండక్కీ ఒకే తానులోంచి రెండు గౌన్లు కుట్టించాం. ఫోన్‌కి దొరికే ఒక ఆధారం మేమే తీసేశాం.

దిష్టి చుక్క చెప్పిన జవాబు

ఫోన్ చేతులెత్తేసింది కాబట్టి మా అమ్మను అడిగాను. పిల్లలకి అవ్వ. "దిష్టి చుక్క ఎవరికి యాడ పెట్టేదానివమ్మా?"

"పెద్దదానికి ఎడం బుగ్గన, చిన్నదానికి కుడి బుగ్గన. ఏడాది నిండేదాకా ఒక్క దినం కూడా మార్చలే. మీరు కలిపేస్తారని నాకు తెలీదా?"

ఇంతకన్నా మంచి మెటాడేటా ఏ ఫోనూ రాయలేదు. వెంటనే ఫ్రేమ్ తీసి చూశాను. చుక్క మనకు ఎడమ వైపు కనిపిస్తోంది. పాప మన వైపు చూస్తోంది కాబట్టి అది ఆమె కుడి బుగ్గ. అంటే చిన్నమ్మి. చిన్నమ్మి గంతులేసింది.

కానీ అది సెల్ఫీ. ఇక్కడే ఆగాలి.

సెల్ఫీ తీసేటప్పుడు స్క్రీన్ మీద మనకు కనిపించేది అద్దంలో బొమ్మ. సేవ్ అయ్యేటప్పుడు కొన్ని ఫోన్లు దాన్ని మళ్లీ సరిగ్గా తిప్పి సేవ్ చేస్తాయి, కొన్ని అద్దంలో ఉన్నట్టే ఉంచేస్తాయి. శాంసంగ్ ఫోన్లలో దీనికి 'సేవ్ సెల్ఫీస్ యాజ్ ప్రివ్యూడ్' అనే సెట్టింగ్ ఉంది. ఐఫోన్‌లో 'మిర్రర్ ఫ్రంట్ కెమెరా' అంటారు. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. చుక్క కూడా బుగ్గ మారుతుంది.

అయితే ఈ ఫోటో తిరిగి ఉందా, సరిగ్గా ఉందా? జూమ్ చేశాను. నా భుజం వెనక గోడ మీద టీటీడీ క్యాలెండర్ ఉంది. మా ఊళ్లో ఆ క్యాలెండర్ లేని గోడ దొరకదు. అందులో అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి.

ఫోటో అద్దంలో బొమ్మ. చుక్క ఉన్నది ఎడమ బుగ్గ మీద. ఫ్రేమ్‌లో ఉన్నది పెద్దమ్మి.

చిన్నమ్మి ఏమీ అనలేదు. ఫ్రేమ్ నా చేతిలోంచి తీసుకుని, అక్క చేతికిచ్చి, లోపలికెళ్లి పడుకుంది. నాకు అప్పటిదాకా ఇదొక టెక్నికల్ పజిల్. ఆ నిమిషం నుంచి కాదు.

మీ పాత ఫోటో తిరిగి ఉందో లేదో తెలుసుకోవడానికి కొన్ని గుర్తులు చెబుతాను, ఉపయోగపడతాయి.

అక్షరాలు, అంకెలు: క్యాలెండర్, టీషర్ట్, బండి నంబర్ ప్లేట్, గోడ గడియారం. ఇవి ఉంటే అనుమానమే ఉండదు.

పైట: చీర కట్టుకున్నవాళ్లకి మామూలుగా పైట ఎడమ భుజం మీద ఉంటుంది. మనవైపు తిరిగి ఉన్న మనిషికి అది మనకు కుడివైపు కనిపించాలి. ఎడమవైపు కనిపిస్తే ఫోటో తిరగబడినట్టే.

చొక్కా జేబు: మగవాళ్ల చొక్కాకి జేబు ఎడమ వైపు. లెక్క పైట లెక్కే.

తల మీద సుడి: మా పెద్దమ్మికి ఒక వైపు, చిన్నమ్మికి రెండో వైపు తిరుగుతుంది. ఇది కవలల్లో కొందరికే ఉంటుంది. కానీ గుర్తుపెట్టుకోండి, తిరగబడిన ఫోటోలో సుడి కూడా తిరగబడుతుంది. ముందు ఫోటో సంగతి తేల్చుకోండి, తర్వాత సుడి సంగతి.

వాట్సాప్ ఎక్కడ దెబ్బ తీసింది?

ప్రతి ఫోటో ఫైల్‌తో పాటు ఎక్సిఫ్ అనే సమాచారం ఉంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ ఫోన్‌తో తీశారో ఉంటుంది. చాలా ఫోన్లలో ముందు కెమెరానా, వెనక కెమెరానా అన్నది కూడా తెలిసిపోతుంది. ఇది ఉంటే మన పని సగం తగ్గుతుంది. కానీ మా ఫోటోల్లో మూడో వంతు వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులోంచి వచ్చినవే. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించి, ఈ సమాచారాన్ని తీసేస్తుంది. ఎప్పుడు తీశారో తెలియదు, ఎవరు తీశారో తెలియదు, ముఖం మీద వివరం కూడా తగ్గిపోతుంది.

అందుకే ఇప్పుడు ఇంట్లో రూల్ పెట్టాం. పిల్లల ఫోటో ఎవరు తీసినా వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపాలి, లేదా షేర్డ్ ఆల్బమ్‌లో వేయాలి. మా ఆవిడ వాళ్లమ్మకి కూడా నేర్పించాం. ఆమెకి రెండు నిమిషాల్లో వచ్చేసింది. మా బావమరిదికే ఇంకా రాలేదు.

లెక్క తేలింది, మనసు కుదుట పడలేదు

రెండు రోజులు కూర్చుని మొదటి ఏడాది ఫోటోలన్నీ విడదీశాను. చుక్క, సుడి, క్యాలెండర్, ఎక్సిఫ్ అన్నీ వాడాను. ఇద్దరూ ఉన్నవి తొమ్మిది వందలకు పైనే. పెద్దమ్మి ఒక్కతే ఉన్నవి 212. చిన్నమ్మి ఒక్కతే ఉన్నవి 39. ఎవరో తేలనివి ఒక అరవై.

ఎందుకింత తేడా? చిన్నమ్మి బరువు తక్కువగా పుట్టింది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. పెద్దమ్మి ముందే ఇంటికొచ్చింది. ఆ పద్దెనిమిది రోజులూ ఇంట్లో ఫోన్ కెమెరా ముందు ఉన్నది ఒక్కతే. చిన్నమ్మి వచ్చాక ఇక ఇద్దరినీ కలిపి తీయడమే. "కవలలు" అనే ముచ్చట మాకు ఎంతగా పట్టిందంటే, ఒక్కరిని తీస్తే ఏదో సగం ఫోటో తీసినట్టు అనిపించేది. పక్కన రెండో పిల్లను తెచ్చి కూర్చోబెట్టాకే క్లిక్.

ఇక్కడి నుంచి తీసే పద్ధతి మార్చుకున్నాను. అది చెబుతాను.

ఒక్కొక్కరినీ తీయడం

వారంలో ఒక రోజు పెద్దమ్మిది, ఒక రోజు చిన్నమ్మిది అని పెట్టుకున్నా. ఆ రోజు ఆ పిల్ల ఒక్కతే నాతో బయటికి వస్తుంది. కూరగాయలకో, పొద్దున్నే పద్మసరోవరం గట్టు వైపు నడకకో. అమ్మవారి గుడి లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి తీసేదేదో బయటే. ఎండ పైకెక్కకముందు అక్కడ వెలుతురు పక్కనుంచి మెత్తగా వస్తుంది. ఇంట్లో అయితే తెరిచి ఉన్న వీధి తలుపు దగ్గర, వెలుతురు ముఖానికి ఒక పక్క పడేలా కూర్చోబెడతాను.

కెమెరా సెట్టింగులు:

బ్యూటీ మోడ్ పూర్తిగా ఆఫ్ చేయండి. కవలల విషయంలో ఇది అన్నిటికన్నా ముఖ్యం. పుట్టుమచ్చ, గాటు, చిన్న మరక, ఇవే ఇద్దరినీ వేరుచేసేవి. బ్యూటీ ఫిల్టర్ ముందు తుడిచేసేది వాటినే. మా చిన్నమ్మి గడ్డం కింద సైకిల్ మీంచి పడిన గాటు ఉంది. సెల్ఫీల్లో అది ఏడాది పాటు కనిపించనే లేదు.

మెయిన్ కెమెరాతో ముఖం దగ్గరికి వెళ్లొద్దు. చాలా ఫోన్ల మెయిన్ కెమెరా 24 మిల్లీమీటర్ల దగ్గర ఉండే వైడ్ లెన్స్. ఫ్రేమ్ నిండాలని ముఖం దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. ముఖం ఆకారం మార్చేది లెన్స్ కాదు, దూరం. వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ వాడండి.

కదిలే పిల్లలకి షట్టర్ స్పీడ్ కనీసం 1/250. పరిగెడుతుంటే 1/500. ప్రో మోడ్‌లో ఇది పెట్టుకోవచ్చు. ఐఎస్ఓ పెరిగి కాస్త గ్రెయిన్ వస్తుంది, పర్వాలేదు. గ్రెయిన్ ఉన్నా ముఖం తెలుస్తుంది, షేక్ అయితే తెలియదు. నైట్ మోడ్ కొన్ని సెకన్ల పాటు తీస్తుంది, ఏడేళ్ల పిల్లలకి అది పనికిరాదు.

ముఖమే కాదు, అలవాటునూ తీయండి. 1964లో వచ్చిన 'రాముడు భీముడు'లో ఎన్టీఆర్ ఒక్కరే ఇద్దరుగా కనిపిస్తారు. ఆ కాలంలో అలాంటి షాట్ కోసం ఫ్రేమ్‌లో ఒక సగం మూసి, రెండో సగంలో నటన తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి మిగతా సగం తీసేవాళ్లు. కెమెరా వెంట్రుకంత కూడా కదలకూడదు. ముఖం ఒకటే అయినా పిరికి రాముడెవరో, ధైర్యం గల భీముడెవరో చూసేవాళ్లకి ఎక్కడా అనుమానం రాదు. నిలబడే తీరు, చూపు, నడక చెప్పేస్తాయి. మన ఇంట్లో కవలలకీ ఇదే వర్తిస్తుంది. పెద్దమ్మి ఆలోచించేటప్పుడు జడ చివర నోట్లో పెట్టుకుంటుంది. చిన్నమ్మి చేతులు వెనక కట్టుకుంటుంది, మా నాయన లాగా. ఈ రెండూ తీయడానికి నాకు ఏడేళ్లు పట్టింది.

ఇద్దరినీ కలిపి తీయడం

కలిపి తీయడం మానేయమని చెప్పట్లేదు. దానికీ పద్ధతి ఉంది.

ఇద్దరినీ కెమెరాకి ఒకే దూరంలో పెట్టండి. సెల్ఫీలో ఒకరు 50 సెంటీమీటర్ల దూరంలో, ఇంకొకరు 75 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ముందున్న ముఖం ఒకటిన్నర రెట్లు పెద్దగా పడుతుంది. మా ఇంట్లో "పెద్దమ్మి బొద్దు, చిన్నమ్మి బక్క" అనే మాట ఇలాంటి సెల్ఫీల వల్లే పుట్టింది. ఇద్దరి బరువూ ఇప్పుడు ఒకటే. అదే 25 సెంటీమీటర్ల తేడా రెండు మీటర్ల దూరంలో ఉంటే ముఖాల సైజులో తేడా దాదాపు 12 శాతమే. కాబట్టి వెనక్కి జరగండి, మీరూ కూర్చోండి. కెమెరా పిల్లల కళ్ల ఎత్తులో ఉండాలి.

ఇద్దరికీ పోర్ట్రెయిట్ మోడ్ వాడితే జాగ్రత్త. ఫోన్‌లో ఆ బ్లర్ ఎక్కువగా సాఫ్ట్‌వేర్ లెక్కే. తలలు ఆనించుకుని కూర్చుంటే జుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దానికి తెలియదు. కాస్త వెనక ఉన్న పిల్ల చెవి మసకబారిపోతుంది. నేను మామూలు ఫోటో మోడ్‌లోనే తీస్తాను.

ఒకే బట్టలు ఎప్పుడు మంచివి? రోజూ తీసే ఫోటోల్లో వేరే రంగులు వేయండి, రేపు మీకూ ఫోన్‌కూ గుర్తుపట్టడం సులువు. కానీ ఏడాదికి ఒక్కసారి ఒకే బట్టల్లో, ఒకే గోడ ముందు, పక్కపక్కన నిలబెట్టి తీయండి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ డయాన్ ఆర్బస్ 1960ల్లో న్యూజెర్సీలోని రోసెల్‌లో కవల అమ్మాయిల్ని ఇలాగే తీసింది. ఒకే గౌను, ఒకే తెల్ల హెడ్‌బ్యాండ్, భుజాలు ఆనుకుని ఉంటాయి. ఒక అమ్మాయి పెదవులపై కొంచెం నవ్వుంది, రెండో అమ్మాయికి లేదు. మిగతావన్నీ ఒకటే కాబట్టి మన కళ్లు ఆ చిన్న తేడా దగ్గరికే పోతాయి. ఒకే బట్టలు తేడాను దాచిపెడతాయి, చూపిస్తాయి కూడా. మనం ఎందుకు తీస్తున్నామో తెలిసి తీయాలి.

"నవ్వండి" అనకండి. లెక్కపెట్టి క్లిక్ చేసి, "అయిపోయింది" అని చెప్పి, ఇంకో ఐదు సెకన్లు బరస్ట్ తీయండి. అసలు ఫోటో అప్పుడే వస్తుంది. ఒకరినొకరు తోసుకోవడం, జుట్టు సర్దడం, గుసగుసలాడడం మన ఆర్డర్ మీద జరిగేవి కాదు.

పనోరమా ఆట: ఇది పిల్లలకి బాగా నచ్చుతుంది. పనోరమా మోడ్‌లో ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పండి. ఎడమవైపు నిలబడిన ఇద్దరూ, కెమెరా తమను దాటగానే మీ వీపు వెనక నుంచి పరిగెత్తి కుడివైపు నిలబడాలి. ఒక్క ఫోటోలో నలుగురు వస్తారు. పాత సినిమా డబుల్ రోల్ ట్రిక్కే ఇది. నలుగురిలో ఎవరెవరో చెప్పడానికి మా వాళ్లే గంట సేపు కొట్లాడుకున్నారు.

ఉత్సవాల రోజుల్లో ఒక జాగ్రత్త. కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా ఆఖరి రోజు పంచమీ తీర్థానికి, మా ఊరు ఎంతలా నిండిపోతుందో చూసినవాళ్లకే తెలుసు. ఇల్లు దాటే ముందు ఒక్కొక్కరినీ తల నుంచి కాళ్ల దాకా విడిగా ఒక ఫోటో తీయండి, ఆ రోజు వేసుకున్న బట్టలతో. పిల్ల తప్పిపోతే చూపించాల్సింది అదే. రెండేళ్ల నాటి పుట్టినరోజు ఫోటో కాదు.

ఫోన్ వాళ్ల చేతికివ్వండి

అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే. నా పాత ఫోన్‌లో సిమ్ తీసేసి, ఇంటర్నెట్ ఆపేసి, వారం పాటు ఇద్దరికీ ఇచ్చాను. రూల్ ఒకటే. పెద్దమ్మి చిన్నమ్మిని తీయాలి, చిన్నమ్మి పెద్దమ్మిని తీయాలి.

చిన్నమ్మి తీసినవాటిలో సగానికి పైగా పెద్దమ్మి వీపే. జడ, స్కూల్ బ్యాగు, మలుపు తిరుగుతున్న మడమలు. మొదట తీయడం రాక అలా తీసిందనుకున్నా. తర్వాత స్కూలుకు పోయేటప్పుడు గమనించాను. చిన్నమ్మి ఎప్పుడూ రెండడుగులు వెనకే నడుస్తుంది. తను రోజూ చూసే అక్క అదే.

పెద్దమ్మి తీసినవి చాలావరకు వంకరగా ఉన్నాయి. ఒకటి రెండు ఫోటోల కింది మూలలో చెయ్యి కనిపిస్తే అర్థమైంది. ఒక చేత్తో ఫోన్, రెండో చేత్తో చెల్లెలి చెయ్యి. రోడ్డు మీద ఉన్నంతసేపూ వదల్లేదు. ఫోన్ రెండు చేతులతో పట్టుకోమని చెప్పబోయి ఊరుకున్నాను.

ఇద్దరినీ పక్కన నిలబెట్టి నేను తీసిన తొమ్మిది వందల ఫోటోల్లో వాళ్లిద్దరి మధ్య ఏముందో నాకు ఇంత బాగా కనిపించలేదు.

పేర్లు ఇప్పుడే పెట్టండి

చివరి పని, విసుగు పుట్టించే పని, కానీ తప్పదు.

గ్రూపుల్లో తప్పు ముఖాలు ఉంటే గూగుల్ ఫోటోస్‌లో 'రిమూవ్ రిజల్ట్స్' తో తీసేయండి. ఐఫోన్‌లో 'ఈ వ్యక్తి కాదు' అని చెప్పే ఆప్షన్ ఉంది. ఒకే మనిషా, వేరా అని ఫోన్ అడిగినప్పుడు తెలియకపోతే ఊరికే నొక్కకండి.

గూగుల్ ఫోటోస్‌లో రాసే డిస్క్రిప్షన్ ఫోటో ఫైల్‌లోకి వెళ్లదు, వాళ్ల అకౌంట్‌లోనే ఉంటుంది. టేక్అవుట్‌లో డౌన్‌లోడ్ చేస్తే పక్కన ఇంకో చిన్న ఫైల్‌గా వస్తుంది. అందుకే ముఖ్యమైన ఫోటోలకి ఫైల్ పేరులోనే పిల్ల పేరు, తేదీ రాసి హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ పెట్టుకుంటున్నా. ప్రింట్ వేయిస్తే వెనక పెన్నుతో రాస్తున్నాం. మా తాతల కాలం పద్ధతే, ఇప్పటికీ అంతకన్నా గట్టిది లేదు.

ఎవరో తేలని ఆ అరవై ఫోటోలకి ఏ పేరూ పెట్టలేదు. 'ఇద్దరిలో ఒకరు' అని ఫోల్డర్ చేసి ఉంచాను. తెలియనప్పుడు ఊహించి రాస్తే, టీవీ పక్కన ఫ్రేమ్ లాగే అవుతుంది.

స్కూలుకి ఏ ఫోటో వెళ్లింది?

ఇది చెప్పకుండా ముగించకూడదు కదా.

చిన్నమ్మివి అని తేలిన 39 ఫోటోలూ టీవీలో పెట్టి చూపించాను. మంచివి ఉన్నాయి. పదో నెలలో నవ్వుతున్నది ఒకటుంది, వెలుతురు, ఫోకస్ అన్నీ బాగున్నాయి. అది తీసుకెళ్లమన్నాను. తను వేరేది చూపించింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు రాత్రి, ట్యూబ్‌లైట్ కింద తీసింది. షేక్ అయింది. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. కళ్లు కూడా సరిగ్గా కనిపించవు.

"అది బాలేదమ్మా, మొకం తెలీడం లేదు" అన్నాను.

"చెయ్యి చూడు నాయనా" అంది.

జూమ్ చేశాను. మణికట్టుకి ఆసుపత్రి ట్యాగ్ ఇంకా ఉంది. వాళ్లమ్మ పేరు, దాని కింద 'ట్విన్ 2'.

"ఇది నేనే. ఎవ్వరూ కాదనలేరు" అంది.

అదే ప్రింట్ వేయించాం. పెద్దమ్మి ఫ్రేమ్‌లోని సెల్ఫీ వద్దని, తనదీ ఆ వారంలో తీసినదే కావాలంది. దొరికింది. క్లాసులో ఆ రెండు ఫోటోలూ పక్కపక్కనే అంటించారట. పిల్లలెవరూ కనిపెట్టలేకపోయారట. ఇద్దరూ ఒకేసారి లేచి ఎవరిది ఏదో చెప్పారట.

మీ ఇంట్లో కవలలుంటే, లేదా మీరే కవలలైతే, ఈ రాత్రి ఒక పది పాత ఫోటోలు తీసి ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. దిష్టి చుక్క ఏ బుగ్గన పెట్టారో అడగండి. వాళ్లకి గుర్తున్నప్పుడే రాసి పెట్టుకోండి.